బూట్ కోడ్‌కు మాటు: పాత పీసీలో కొత్త ఫ్లాపీ

ఫ్లాపీ నుంచి మొదలయ్యే కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చిన క్షణాన దాని మెమొరీలో ఏమీ ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు మీద ఉంటుంది. డిస్కును చదవాలంటే ఒక ప్రోగ్రాం కావాలి. ఆ ప్రోగ్రాం కూడా డిస్కు మీదే ఉంటే పని ఎప్పటికీ మొదలవదు. అందుకే డిస్కులోని మొదటి తునకను చదవగలిగేంత కోడ్‌ను మదర్‌బోర్డు మీది రోమ్ చిప్‌లో చెరిగిపోకుండా ఉంచుతారు. అదే బూట్ కోడ్. 1981 ఆగస్టు 12న ఐబీఎం ప్రకటించిన పర్సనల్ కంప్యూటర్‌లో, అంటే 5150 మోడల్‌లో, ఈ కోడ్ బయాస్ అనే పెద్ద ప్రోగ్రాంలో భాగం. పెద్దది అన్నా దాని మొత్తం పరిమాణం 8 కిలోబైట్లే. కీబోర్డు, తెర, ప్రింటర్, క్యాసెట్ టేపు అన్నింటినీ నడిపే కోడ్ ఆ 8 కిలోబైట్లలోనే ఇరుక్కోవాలి. ఫ్లాపీకి దక్కిన కాస్త చోటులో ఆనాటి డిస్కుకు అవసరమైనది తప్ప మరేదీ రాయలేదు.

ఆనాటి డిస్కు 5.25 అంగుళాలది. ఒకే వైపు 40 ట్రాకులు, ట్రాకుకు 8 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు, మొత్తం 160 కిలోబైట్లు. 1982లో రెండు వైపులా రాయడం మొదలై అది 320 అయింది. 1983 మార్చిలో పీసీ ఎక్స్‌టీతో పాటు వచ్చిన డాస్ 2.0 ఆపరేటింగ్ సిస్టమ్ ట్రాకుకు 9 సెక్టార్లు రాసి 360 చేసింది. 1984 ఆగస్టులో పీసీ ఏటీతో 1.2 మెగాబైట్ల డిస్కు వచ్చింది. మూడున్నర అంగుళాల 720 కిలోబైట్ల డిస్కును డాస్ 1986లో, 3.2 వెర్షన్ నుంచి గుర్తించింది. 1987 ఏప్రిల్‌లో పీఎస్/2 కంప్యూటర్లు 1.44 మెగాబైట్ల డిస్కును తెచ్చాయి. ఆ తర్వాత లోకమంతా ఫ్లాపీ అంటే ఈ చివరిదే. (1.44 మెగాబైట్లు అంటే 1,440 కిలోబైట్లు, 14,74,560 బైట్లు. వెయ్యినీ 1,024నీ గుణించి చేసిన ఈ వింత మెగాబైటు ఫ్లాపీ డబ్బా మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు.)

పాత యంత్రాలను పనిచేసే స్థితిలో ఉంచాలనుకునే మ్యూజియంలకూ ఔత్సాహికులకూ ఇబ్బంది ఇక్కడే వస్తుంది. 360 కిలోబైట్ల డిస్కులు ఇప్పుడు తయారు కావడం లేదు. ఉన్నవి ముసలివైపోయి పూత రాలిపోతున్నాయి. మూడున్నర అంగుళాల డిస్కులనూ సోనీ 2011 మార్చితో జపాన్‌లో అమ్మడం మానేసింది కానీ, వాటి పాత నిల్వలు ఇంకా దొరుకుతున్నాయి. అంతకన్నా ముఖ్యం, నేటి ల్యాప్‌టాప్‌కు తగిలించే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు 1.44 డిస్కును రాయగలదు, 5.25 అంగుళాల డిస్కును రాయలేదు. పాత పీసీ 1.44 డిస్కు నుంచి బూట్ అయితే నేటి కంప్యూటర్‌కూ దానికీ మధ్య దారి ఏర్పడుతుంది.

డ్రైవు మార్చి, కేబుల్ మార్చి స్విచ్ వేస్తే సరిపోదా? సరిపోదు. డిస్కు ఆకారం గురించిన సమాచారం ఒక్కచోట ఉండదు. కొంత డ్రైవులో, కొంత కంట్రోలర్ చిప్‌లో, కొంత రోమ్‌లో, కొంత డిస్కు మొదటి సెక్టార్‌లో, మిగిలినది ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంటుంది. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి పాత లెక్కలోనే ఉండిపోయినా బూట్ ఆగిపోతుంది. వీటిలో రోమ్ మాత్రమే మిగతావేవీ రాకముందే పని మొదలుపెట్టాలి. మాటు, అంటే పాత కోడ్‌కు చేసే సవరణ, వేయాల్సిన చోటు అందుకే అది.

బిట్ల వేగం

720, 1.44 డిస్కుల మధ్య అసలు తేడా బిట్లు వచ్చే వేగంలో ఉంది. మూడున్నర అంగుళాల డ్రైవు నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 200 మిల్లీసెకన్లు. 720 కిలోబైట్ల డిస్కు మీద బిట్లు సెకనుకు 2,50,000 చొప్పున హెడ్ కిందికి వస్తాయి. చుట్టుకు 50,000 బిట్లు, అంటే 6,250 బైట్లు. అందులో 9 సెక్టార్ల డేటా 4,608 బైట్లు. మిగిలిన చోటు సెక్టార్ చిరునామాలకు, తప్పులు పట్టే అంకెలకు, మధ్యలో వదిలే ఖాళీలకు పోతుంది. 1.44 డిస్కు కూడా అదే వేగంతో తిరుగుతుంది, కానీ బిట్లు రెట్టింపు దట్టంగా ఉంటాయి కాబట్టి సెకనుకు 5,00,000 వస్తాయి. చుట్టుకు 12,500 బైట్లు, 18 సెక్టార్లు.

1.2 మెగాబైట్ల డ్రైవు సంగతి కాస్త మెలిక. అది నిమిషానికి 360 సార్లు తిరుగుతుంది. 300 చుట్ల డ్రైవులో రాసిన 360 కిలోబైట్ల డిస్కును ఇందులో పెడితే అవే 50,000 బిట్లు 200 బదులు సుమారు 167 మిల్లీసెకన్లలో దాటిపోతాయి, అంటే సెకనుకు 3,00,000. అందుకే ఏటీ కంట్రోలర్‌కు 500, 300, 250 కిలోబిట్లని మూడు వేగాలు పెట్టారు.

అయస్కాంత పూత కూడా ఒకటి కాదు. 5.25 అంగుళాల మామూలు డిస్కు పూతను తిప్పి రాయడానికి సుమారు 300 ఓర్‌స్టెడ్ల క్షేత్రం చాలు, 1.2 డిస్కుకు దాదాపు 600 కావాలి. తేడా ఇంత ఎక్కువ కాబట్టి ఒకదాన్ని మరోదానిగా ఫార్మాట్ చేస్తే డేటా నిలవదు. మూడున్నర అంగుళాల రెండు రకాల మధ్య తేడా ఇంతకంటే చాలా తక్కువ. 1.44 డిస్కు మూల ఉన్న అదనపు రంధ్రం మీద టేపు అంటించి 720గా వాడే చిట్కా కొన్నిసార్లు పనిచేయడానికి కారణం ఇదే. కొన్నిసార్లు అన్న మాటను మరిచిపోకూడదు. దాచుకోవాల్సిన ఫైళ్లకు ఆ చిట్కా పనికిరాదు.

ఆ రంధ్రాన్ని డ్రైవు ఒక చిన్న స్విచ్‌తో తడిమి చూసి, రాసే కరెంటును తనంతట తానే మార్చుకుంటుంది. కానీ సాధారణ పీసీ డ్రైవు ఈ సంగతి కంట్రోలర్‌కు చెప్పదు. లోపలున్నది ఏ డిస్కో డ్రైవుకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. బూట్ కోడ్ దాన్ని చదివి చూసి ఊహించుకోవాల్సిందే.

స్విచ్ వేసిన తర్వాత

5150లోని 8088 ప్రాసెసర్‌కు 10,48,576 బైట్ల చిరునామా పరిధి ఉంది. రీసెట్ అయ్యాక అది ఆ పరిధి చివరి అంచుకు 16 బైట్ల ముందు నుంచి పని మొదలుపెడుతుంది. అక్కడ రోమ్ ఉంటుంది, అందులో బయాస్ మొదలుకు దూకమనే ఆదేశం ఉంటుంది. బయాస్ ముందు తన సొంత బైట్ల మొత్తాన్ని సరిచూసుకుంటుంది, తర్వాత మెమొరీనీ చిప్‌లనూ పరీక్షిస్తుంది, చివరికి ఇంటరప్ట్ 19ని పిలుస్తుంది. (ఇంటరప్ట్ అంటే బయాస్ సేవలను ఒక సంఖ్యతో పిలిచే పద్ధతి. ఇంటరప్ట్, పోర్టు, సేవల సంఖ్యలన్నీ పదహారు అంకెల హెక్సాడెసిమల్ లెక్కలోవి, తొమ్మిది తర్వాత ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలే అంకెలు.) ఇంటరప్ట్ 19 పని ఒక్కటే. ఎ డ్రైవులో సున్నా ట్రాకు, సున్నా హెడ్, 1వ సెక్టార్‌ను చదివి మెమొరీలో సరిగ్గా 31 కిలోబైట్ల దగ్గర పెట్టి అక్కడికి దూకుతుంది. వరుసగా నాలుగు ప్రయత్నాలు విఫలమైతే ఐబీఎం యంత్రంలో రోమ్‌లోని బేసిక్ భాష తెర మీదికి వస్తుంది.

చదివే పని ఇంటరప్ట్ 13ది. బూట్ కోడ్ కానీ, డాస్ కానీ కంట్రోలర్‌తో నేరుగా మాట్లాడవు. ఏ ట్రాకు, ఏ హెడ్, ఏ సెక్టార్, ఎన్ని సెక్టార్లు అన్నది రిజిస్టర్లలో పెట్టి ఇంటరప్ట్ 13ని పిలుస్తాయి. అది ఎన్‌ఈసీ 765 కంట్రోలర్ చిప్‌కు ఆదేశాలు పంపి, డేటాను ప్రాసెసర్ ప్రమేయం లేని డీఎంఏ దారిన మెమొరీకి చేరుస్తుంది. కింద ఏ హార్డ్‌వేర్ ఉన్నా పిలిచే పద్ధతి మారదు. మధ్యలో ఉన్న ఈ ఒక్క తలుపును మారిస్తే చాలు, పైనున్న ప్రోగ్రాంలలో ఒక్క బైటు కూడా ముట్టుకోనక్కర లేదు.

5150 బయాస్ రాసినవాళ్లు ఇంకో మంచి పని చేశారు. ఫ్లాపీ కొలతలను కోడ్ మధ్యలో అక్కడక్కడా చల్లకుండా 11 బైట్ల పట్టికగా విడిగా పెట్టారు. దర్జీ దగ్గర కొలతల చీటీ ఉన్నట్టు అందులో హెడ్ అడుగు వేసే వ్యవధి, మోటార్ ఆపే ముందు ఆగాల్సిన సమయం, సెక్టార్ పరిమాణం, ట్రాకులో చివరి సెక్టార్ సంఖ్య, సెక్టార్ల మధ్య ఖాళీ, ఫార్మాట్ చేసేటప్పుడు నింపే బైటు, హెడ్ కుదురుకునే సమయం, మోటార్ వేగం అందుకునే సమయం వరుసగా ఉంటాయి. పట్టిక రోమ్‌లో ఉన్నా దాని చిరునామా మాత్రం రామ్‌లో, ఇంటరప్ట్ 1ఇ కోసం కేటాయించిన చోట ఉంటుంది. ఆ చిరునామాను ఎవరైనా మార్చి కొత్త పట్టికను చూపించవచ్చు.

తొలి పట్టికలో చివరి సెక్టార్ సంఖ్య 8. కంట్రోలర్ 8వ సెక్టార్ దాకా వచ్చాక ట్రాకు అయిపోయిందనుకుంటుంది, 9కి వెళ్లదు. డాస్ 2.0 తొమ్మిది సెక్టార్ల డిస్కును పాత రోమ్‌తోనే నడిపించగలిగింది ఈ పట్టిక వల్లే. తర్వాతి డాస్ వెర్షన్ల బూట్ సెక్టార్ మెమొరీలోకి రాగానే చేసే తొలి పనుల్లో ఇది ఒకటి. 11 బైట్లనూ రామ్‌లోకి నకలు తీస్తుంది, చివరి సెక్టార్ సంఖ్యను తన డిస్కుకు తగినట్టు మారుస్తుంది, ఇంటరప్ట్ 1ఇని ఆ నకలు వైపు తిప్పుతుంది. బూట్ సెక్టార్ మాత్రం ఏ డిస్కులోనైనా మొదటి ట్రాకు మొదటి సెక్టారే కాబట్టి, దాన్ని చదివే వరకు పట్టికలో 8 ఉన్నా 18 ఉన్నా ఫర్వాలేదు.

720 ఎందుకు సులువు

720 కిలోబైట్ల డిస్కుకు బిట్ల వేగం 360 డిస్కు వేగమే, చుట్ల వేగం అదే, ట్రాకుకు సెక్టార్లు అవే 9. తేడా ట్రాకుల సంఖ్యలో మాత్రమే, 40 బదులు 80. పాత కంట్రోలర్ కార్డుకే మూడున్నర అంగుళాల డ్రైవును తగిలిస్తే 1982 నాటి రోమ్ కూడా 720 డిస్కు నుంచి బూట్ చేయగలదు. ఎక్స్‌టీకి 1986లో ఇచ్చిన కొత్త బయాస్‌లో ఐబీఎం దీనికి అధికారికంగానే మద్దతు కలిపింది. పాత రోమ్‌తో వచ్చే చిక్కు బూట్ అయ్యాక మొదలవుతుంది. ఆ డ్రైవుకు ఎన్ని ట్రాకులో రోమ్‌ను అడిగే దారి లేక డాస్ దాన్ని 40 ట్రాకుల డ్రైవు అనుకుంటుంది. ఎమ్మెస్-డాస్ 3.2 నుంచి కాన్ఫిగ్.సిస్ ఫైల్‌లో డ్రైవ్‌పార్మ్ అనే వరుస రాసి ఆ అపోహను తొలగించవచ్చు.

చిన్న అడ్డంకి ఒకటి 765 చిప్‌లోనే ఉంది. హెడ్‌ను సున్నా ట్రాకుకు తీసుకురమ్మనే ఆదేశానికి ఆ చిప్ గరిష్ఠంగా 77 అడుగులే వేయిస్తుంది. 8 అంగుళాల డిస్కులకు 77 ట్రాకులు ఉండేవి, చిప్ ఆ కాలపు లెక్కలో తయారైంది. హెడ్ 79వ ట్రాకు మీద ఉండగా యంత్రాన్ని రీసెట్ చేస్తే 77 అడుగుల తర్వాత అది ఇంకా 2వ ట్రాకు మీదే ఉంటుంది. చిప్ తప్పు జరిగిందని చెబుతుంది. కొత్తగా రాసే కోడ్ అదే ఆదేశాన్ని మళ్లీ ఒకసారి ఇవ్వాలి. పాత బయాస్ ఆ తప్పును తిరిగి పిలిచినవాడికే చెప్పేస్తుంది కాబట్టి నాలుగు ప్రయత్నాల్లో ఒకటి ఇక్కడే ఖర్చైపోతుంది.

1.44కు కావలసినవి

1.44 దగ్గర ఆట మారిపోతుంది. ఐబీఎం తొలి ఫ్లాపీ కార్డు 250 కిలోబిట్ల వేగానికే కట్టింది. బిట్లనూ గడియారపు గుర్తులనూ విడదీసే దాని సర్క్యూట్ రెట్టింపు వేగంతో వచ్చే గుర్తులను పట్టుకోలేదు. ఏ కోడ్ రాసినా ఈ లోటు తీరదు, కార్డు మారాల్సిందే. అదృష్టవశాత్తూ ఫ్లాపీ కంట్రోలర్ వాడే ఇంటరప్ట్ తీగ 6, డీఎంఏ దారి 2 రెండూ పీసీ పాత 8 బిట్ల స్లాట్‌లోనే ఉన్నాయి. ఏటీ కాలపు 16 బిట్ల కార్డులు చాలావాటిలో ఫ్లాపీ భాగం ఆ పొట్టి స్లాట్‌లో పెట్టినా పనిచేస్తుంది.

కార్డు పెట్టినంత మాత్రాన 1.44 చదవబడదు. ఏటీ తరహా కార్డులో వేగాన్ని నిర్ణయించేది 3ఎఫ్7 అనే పోర్టు. అందులో 0 రాస్తే 500, 1 రాస్తే 300, 2 రాస్తే 250 కిలోబిట్లు. 1981, 1982 నాటి రోమ్‌లు రాసినప్పుడు అలాంటి పోర్టే లేదు, అందువల్ల అవి దాని జోలికి వెళ్లవు. కరెంటు రాగానే సాధారణంగా 250 దగ్గర నిలిచే చిప్ అక్కడే ఉండిపోతుంది. మాటు సారమంతా ఈ పోర్టుకు సరైన అంకెను సరైన సమయంలో రాయడమే. రెండు మూడు ఆదేశాల పని. కానీ సరైన అంకె ఏదో ముందే తెలియదు, అక్కడే కోడ్ పెరుగుతుంది.

పద్ధతి ఇలా నడుస్తుంది. చదవమని పిలుపు రాగానే కొత్త కోడ్ 500 పెట్టి ప్రయత్నిస్తుంది. సెక్టార్ దొరకకపోతే తర్వాతి వేగానికి మారి మళ్లీ ప్రయత్నిస్తుంది. చదవగలిగిన వేగాన్ని డ్రైవుకొక బైటు చొప్పున మెమొరీలో గుర్తు పెట్టుకుంటుంది, తర్వాతి పిలుపులకు నేరుగా దాన్నే వాడుతుంది. డిస్కు మార్చాక ఆ గుర్తు తప్పవుతుంది, అప్పుడు మళ్లీ వెతుకులాట. ఏటీ బయాస్ అనుసరించిన దారి ఇదే. మూడున్నర అంగుళాల డ్రైవు ఒక్కటే ఉన్న యంత్రంలో 500, 250 రెండూ చూస్తే చాలు. 80 ట్రాకుల 5.25 అంగుళాల డ్రైవులో 40 ట్రాకుల డిస్కు పెట్టే అవకాశం ఉంటే, ప్రతి ట్రాకుకు హెడ్‌ను రెండు అడుగులు వేయించే ఏర్పాటు కూడా కావాలి.

ఈ వెతుకులాటలో ఒక ఉచ్చు ఉంది. తొలి పీసీ బయాస్ రాసేటప్పుడు మాత్రమే మోటార్ వేగం అందుకునే దాకా ఆగుతుంది, చదివేటప్పుడు ఆగదు. మోటార్ ఇంకా పుంజుకుంటుండగా చేసిన మొదటి ప్రయత్నం విఫలమైతే, పిలిచినవాడే మళ్లీ పిలుస్తాడన్నది దాని ధీమా. ఇంటరప్ట్ 19 నాలుగుసార్లు ప్రయత్నించడానికి ఇదీ ఒక కారణం. వేగం వెతికే కోడ్‌కు ఈ ధీమా ప్రమాదం. మోటార్ పుంజుకోక వచ్చిన తప్పును వేగం సరిపోక వచ్చిన తప్పుగా భావించి, సరైన వేగాన్నే వదిలేసి ముందుకు పోతుంది. కాబట్టి కొత్త కోడ్ మొదట మోటార్ వేసి, పట్టికలో చెప్పినంత సేపు ఆగి, ఆ తర్వాతే వేగాన్ని తేల్చుకోవాలి.

సమయం కొలిచే తీరు కూడా గమనించాల్సిందే. పాత బయాస్‌లో మిల్లీసెకను ఆగడం అంటే ఒక లూప్‌ను కొన్ని వందల సార్లు తిప్పడం. ఆ సంఖ్య 4.77 మెగాహెర్ట్జ్ 8088కు లెక్కగట్టింది. 8 లేదా 10 మెగాహెర్ట్జ్‌తో నడిచే టర్బో ఎక్స్‌టీలో అదే లూప్ దాదాపు సగం సమయంలో అయిపోతుంది, హెడ్ ఇంకా ఊగుతుండగానే చదవడం మొదలవుతుంది. ప్రాసెసర్ వేగంతో సంబంధం లేకుండా తిరిగే టైమర్ చిప్‌ను చూసి ఆగడమే నమ్మకమైన పద్ధతి.

ఇలాంటిదే ఇంకొకటి పట్టిక మొదటి బైటులో ఉంది. హెడ్ అడుగు వ్యవధిని 765 తన గడియారంతో కొలుస్తుంది. బిట్ల వేగం రెట్టింపు చేస్తే ఆ గడియారమూ రెట్టింపవుతుంది. 250 కిలోబిట్ల దగ్గర అడుగుకు 6 మిల్లీసెకన్లు అని అర్థమిచ్చే అంకె 500 దగ్గర 3 మిల్లీసెకన్లు అవుతుంది. చాలా డ్రైవులు దాన్ని తట్టుకుంటాయి. తట్టుకోలేనిది మాత్రం అప్పుడప్పుడు ఒక అడుగు తప్పుతుంది, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం చాలా కష్టం. 1.44కు ఐబీఎం తరహా పట్టికలో ఆ బైటు వేరుగా ఉండటానికి కారణం ఇదే. ఫార్మాట్ చేసేటప్పుడు సెక్టార్ల మధ్య వదిలే ఖాళీ కూడా 80 బైట్ల నుంచి 108కి మారుతుంది. సెక్టారుకు 512 డేటా బైట్లు, 62 గుర్తింపు బైట్లు, 108 ఖాళీ కలిపి 682. అలాంటివి 18, ట్రాకు మొదట్లో వదిలే 146 బైట్లు కలిపితే 12,422. చుట్టులో ఉన్నది 12,500. మిగిలిన 78 బైట్లే మోటార్ వేగంలో వచ్చే హెచ్చుతగ్గులకు ఆసరా.

కోడ్‌ను ఎక్కడ పెట్టాలి

రెండు దారులున్నాయి. ఒకటి మదర్‌బోర్డు మీది రోమ్‌నే మార్చడం. ఐబీఎం తన సాంకేతిక గ్రంథంలో బయాస్ పూర్తి అసెంబ్లీ లిస్టింగును అచ్చువేసింది కాబట్టి ఏ బైటు ఎక్కడుందో వెతుక్కోనక్కర లేదు. అయితే 8 కిలోబైట్లలో కొత్త కోడ్‌కు చోటు దొరకడం కష్టం, ఏదో ఒకటి తీసేయాలి. క్యాసెట్ టేపు కోడ్ సాధారణంగా మొదట బలవుతుంది, దాని కోసం కన్నీరు పెట్టేవాళ్లు తక్కువ. మార్చాక బైట్ల మొత్తాన్ని మళ్లీ సరిచేయాలి. రోమ్‌లోని బైట్లన్నీ కూడితే చివరి ఎనిమిది బిట్లు సున్నా రావాలి, రాకపోతే బయాస్ అక్కడికక్కడే ఆగిపోతుంది. పట్టికలో 8ని 18 చేస్తే మొత్తం 10 పెరుగుతుంది, ఎవరూ వాడని ఒక బైటులో 10 తగ్గించాలి. 5150లో చిప్ సాకెట్‌కు 24 కాళ్లే ఉండటం మరో తంటా. తేలిగ్గా దొరికే 2764 ఈప్రోమ్‌కు 28 కాళ్లు, మధ్యలో అడాప్టర్ పెట్టాలి.

రెండో దారి శుభ్రమైనది. 1982 అక్టోబరు 27 తేదీ ఉన్న 5150 బయాస్, ఎక్స్‌టీ బయాస్ రెండూ పరీక్షలయ్యాక, డిస్కును ముట్టుకోకముందు, మెమొరీలో 800 కిలోబైట్ల దగ్గర మొదలుపెట్టి 2 కిలోబైట్లకొకసారి ఆగి అదనపు రోమ్ ఉందేమో చూస్తాయి. మొదటి రెండు బైట్లు హెక్సాడెసిమల్‌లో 55, ఎఎ అయితే అక్కడ రోమ్ ఉన్నట్టు. మూడో బైటు దాని పొడవును 512 బైట్ల లెక్కలో చెబుతుంది. బైట్ల మొత్తం సున్నా అయితే నాలుగో బైటు నుంచి ఉన్న కోడ్‌ను పిలుస్తాయి. ఆ కోడ్ ఇంటరప్ట్ 13 చిరునామాను తన వైపు తిప్పుకుని వెనక్కి వచ్చేస్తుంది. తర్వాత ఇంటరప్ట్ 19 ఏమీ ఎరగనట్టు మొదటి సెక్టార్ అడుగుతుంది, జవాబు మాత్రం కొత్త కోడ్ ఇస్తుంది. మదర్‌బోర్డు రోమ్‌లో ఒక్క బైటు కూడా మారదు. పాత నెట్‌వర్క్ కార్డు మీద ఖాళీగా ఉన్న రోమ్ సాకెట్ కూడా ఈ చిప్‌కు చాలు. 1981 నాటి రెండు 5150 బయాస్‌లు మాత్రం ఇలా వెతకవు. ఆ యంత్రాలకు ముందు 1982 బయాస్ వేయాలి.

హార్డ్ డిస్కు ఉన్న ఎక్స్‌టీలో ఈ దారిలోనూ ఒక మలుపు ఎదురవుతుంది. హార్డ్ డిస్కు కార్డు మీది రోమ్ కూడా ఇంటరప్ట్ 13నే పట్టుకుంటుంది. అది పాత ఫ్లాపీ కోడ్ చిరునామాను ఇంటరప్ట్ 40కి తరలించి, వచ్చిన ప్రతి పిలుపులో డ్రైవు సంఖ్యను చూస్తుంది. 128 లేదా అంతకు మించితే తన పని, తక్కువైతే ఇంటరప్ట్ 40కి పంపుతుంది. ఫ్లాపీ రోమ్ హార్డ్ డిస్కు రోమ్ తర్వాత మేల్కొంటే పట్టుకోవాల్సింది ఇంటరప్ట్ 40ని. ముందు మేల్కొంటే ఇంటరప్ట్ 13ని. ఎవరు ముందన్నది రెండు చిప్‌ల చిరునామాల వరుసను బట్టి ఉంటుంది కాబట్టి, జాగ్రత్తగా రాసిన కోడ్ పరిస్థితిని చూసుకుని రెండింటిలో ఒకటి ఎంచుకుంటుంది.

కోడ్‌లో ఇంకో లోటూ పూడ్చాలి. ఏటీలో డ్రైవు రకం బ్యాటరీతో నిలిచే సీమాస్ మెమొరీలో ఉంటుంది. పీసీ, ఎక్స్‌టీల్లో అదేమీ లేదు. మదర్‌బోర్డు మీది స్విచ్‌లు ఎన్ని డ్రైవులున్నాయో చెబుతాయి తప్ప ఏ రకమో చెప్పవు. అందుకే కొత్త రోమ్‌లోనే ఒక మూల డ్రైవుకొక బైటు పెట్టి రకాన్ని రాస్తారు. తిరిగి రాయగలిగే ఈఈప్రోమ్ చిప్ అయితే బూట్ సమయంలో అడిగి మార్చే ఏర్పాటు కూడా చేయవచ్చు. మల్టీ-ఫ్లాపీ బయాస్ ఎక్స్‌టెన్షన్ పేరుతో బహిరంగంగా దొరికే రోమ్ కోడ్ ఈ కోవకు చెందినదే.

బూట్ సెక్టార్, డాస్

రోమ్ మొదటి సెక్టార్‌ను తెచ్చాక పగ్గాలు బూట్ సెక్టార్ చేతికి వస్తాయి. అందులో డిస్కు కొలతలు మళ్లీ ఉంటాయి. 1.44కైతే 2,880 సెక్టార్లు, ఫైళ్ల జాబితాకు 224 గదులు, ఫైళ్ల ముక్కలు ఎక్కడున్నాయో చెప్పే ఫ్యాట్ పట్టిక ఒక్కోటి 9 సెక్టార్లు, ట్రాకుకు 18, హెడ్‌లు 2. డాస్ ఫైల్ ఎక్కడుందో బూట్ సెక్టార్ ఈ అంకెలతోనే లెక్క కడుతుంది. బూట్ సెక్టార్ 1, రెండు ఫ్యాట్‌లు 18, జాబితా 14, మొత్తం 33 సెక్టార్లు పోగా డేటా 33వ సంఖ్య దగ్గర మొదలవుతుంది. లెక్క సున్నా నుంచి కాబట్టి 33ను 18తో భాగిస్తే 1, శేషం 15. అంటే సున్నా ట్రాకు, 1వ హెడ్, 16వ సెక్టార్. ట్రాకుకు 9 అనే పాత లెక్కతో భాగిస్తే అదే 33 ఒకటో ట్రాకు, ఒకటో హెడ్, 7వ సెక్టార్‌గా తేలుతుంది. చదవడం ఏ తప్పూ లేకుండా సాగుతుంది, కానీ వచ్చేది డాస్ కాదు, డిస్కులో మరెక్కడిదో ముక్క. ఇలాంటి చోట యంత్రం ఏ సందేశమూ లేకుండా బిగుసుకుపోతుంది.

డాస్ లేచాక రోమ్‌ను కొత్త ప్రశ్నలు అడుగుతుంది. ఇంటరప్ట్ 13లో 8వ సేవ డ్రైవు కొలతలు చెప్పాలి, 15 డ్రైవుకు డిస్కు మార్పిడిని గుర్తించే తీగ ఉందో లేదో చెప్పాలి, 16 డిస్కు మారిందేమో చెప్పాలి, 17, 18 ఫార్మాట్‌కు ముందు రకాన్ని నిర్ణయించాలి. తొలి ఫ్లాపీ బయాస్‌లో ఇవేవీ లేవు. బూట్ కోసం వేగం మార్చే కొద్దిపాటి కోడ్ చాలు కానీ, 1.44 డిస్కును పాత యంత్రం మీదే ఫార్మాట్ చేయాలంటే ఈ సేవలన్నీ రాయక తప్పదు. డాస్ కూడా 3.3 లేదా ఆ తర్వాతిదై ఉండాలి.

రోమ్ జోలికి పోకుండా, పాత 360 డిస్కుతో బూట్ చేసి ఆపై మెమొరీలో డ్రైవర్ వేసుకునే పద్ధతీ ఉంది. మార్చిన కార్డు ఉంటే అది పనిచేస్తుంది. కాన్ఫిగ్.సిస్‌లోని ఏ డ్రైవరైనా బూట్ అయ్యాకే వస్తుంది కాబట్టి మొదటి డిస్కు మాత్రం పాతదే కావాలి. ఉన్న ఒక్క పాత డిస్కు పాడైన రోజున ఈ పద్ధతి ముగిసిపోతుంది.

నేటి కంప్యూటర్‌లో బూట్ డిస్కు తయారుచేసేటప్పుడు కోడ్ భాషనూ గమనించాలి. 8088కు తెలిసిన ఆదేశాలు కొన్నే. స్థిర సంఖ్యను నేరుగా స్టాక్‌లోకి తోయడం, ఒకటి కంటే ఎక్కువ బిట్లను ఒకే స్థిర సంఖ్యతో జరపడం 80186తో వచ్చాయి. వాటిని వాడిన బూట్ సెక్టార్ 8088 మీద తప్పుదారి పడుతుంది. విండోస్ 98 నాటి డాస్ ఫైళ్లు 386 లేనిదే కదలవు. రోమ్ కోడ్ సరిగ్గా పనిచేసి సెక్టార్‌ను పొల్లు పోకుండా తెచ్చినా యంత్రం బిగుసుకుపోతే మొదట అనుమానించాల్సింది డిస్కు మీది కోడ్‌నే. ఎమ్మెస్-డాస్ 3.3, 5.0 లేదా 8086 కోసం కంపైల్ చేసిన ఫ్రీడాస్ ఈ పనికి సరిపోతాయి.

2.88 మెగాబైట్ల డిస్కు కూడా ఒకప్పుడు వచ్చింది, డాస్ 5.0 దాన్ని గుర్తిస్తుంది. ట్రాకుకు 36 సెక్టార్లు, సెకనుకు పది లక్షల బిట్లు. దానికి ఇంటెల్ 82077 వంటి చిప్ కావాలి, బిట్లను నిలువుగా అయస్కాంతీకరించే పద్ధతికి మారమని ఆ చిప్‌కు రోమ్ ఒక అదనపు ఆదేశం ఇవ్వాలి, వేగాల జాబితాలో నాలుగోది చేర్చాలి. కోడ్ పరంగా ఇది పెద్ద మార్పేమీ కాదు. ఆ డిస్కులూ డ్రైవులూ 360 కిలోబైట్ల వాటికంటే అరుదు కావడంతో పాత పీసీలకు వేసే మాట్లు ఎక్కువగా 1.44 దగ్గరే ఆగాయి.